సగంలో ఆగిన కన్నాలు

అభిజిత్ దృష్టిలో మనుషులు రెండు రకాలు. ఒక రకం తను, రెండో రకం మిగతా లోకం. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ ముగించి, కార్డిఫ్‌లో మాస్టర్స్ చేసి, అక్కడే ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో కంప్యూటర్ మీద భవనాల మోడళ్లు తయారుచేసే పనిలో కుదిరాడు. చేరిన వారానికే ఆ ఆఫీసులో ఎవరికీ పని రాదని తేల్చేశాడు.

ముఖ్యంగా పక్క సీటు గోపాల్‌రావుకి. ఆయన ఏలూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. అప్పుడు ఆఫీసు చేతిలో ఒక లైబ్రరీ భవనం పని ఉంది. దాని నేల కింది నుంచి పైదాకా మెలితిరుగుతూ వాలుగా ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఫ్లోర్ గీసే పద్ధతిలో అది రాదు. అందుకని గోపాల్‌రావు దాన్ని తెర మీదే మట్టిబొమ్మలా చేత్తో మలిచాడు. పైపు దిగే ప్రతిచోటా విడిగా ఒక కన్నం చెక్కాడు. పైపులు జరిగినప్పుడల్లా కొత్త కన్నం చెక్కేవాడు, పాతది పూడ్చడం మరిచిపోయేవాడు. నేల జల్లెడైంది.

"అంకుల్, గీ కాలంల గూడ ఒక్కొక్క కన్నం చేత్తోని చెక్కుతరా?" అన్నాడు అభిజిత్.

"ఏం చేయమంటావు బాబూ, అడిగినచోటల్లా పొడుస్తున్నా," అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆ నవ్వు అభిజిత్‌కి నచ్చలేదు. కూర్చుని, నేలలో ఎక్కడ పెడితే అక్కడ కన్నం కోసే ఒక ముక్కను కంప్యూటర్‌లో తయారుచేశాడు. పొడుగు, వెడల్పు, లోతు అని మూడు గళ్లు. అంకె మారిస్తే కన్నం మారుతుంది. ముక్కను జరిపితే పాత చోటు దానంతటదే పూడుకుంటుంది. నిజానికి మంచి ఆలోచనే. అక్కడితో ఊరుకుంటే అతను అభిజిత్ ఎందుకవుతాడు? బాస్ మేగన్‌ని, ఆఫీసంతటినీ పిలిచి అందరి ముందూ చేసి చూపించాడు.

ఫ్లాట్‌కి వచ్చి భార్య పూజితకు అంతా మళ్లీ వినిపించాడు.

"గోపాల్‌రావు అంకుల్‌కి థాంక్స్ చెప్పినవా? ఆ నేల చేసింది ఆయనే గద."

"ఎందుకు? జల్లెడ చేసినందుకా?"

చిక్కంతా లోతు దగ్గరే ఉంది. మామూలు ఫ్లోరైతే తన మందమెంతో సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంది. చేత్తో మలిచిన నేల చెప్పదు. పైగా ఇది మెలిక దగ్గర మందంగా, అంచుల్లో పల్చగా ఉంది. అభిజిత్ లోతు గడిలో ఒక అంకె వేసి, అన్నిచోట్లా అదే ఉంచాడు. పైనుంచి చూస్తే చక్కని కన్నాలు. కిందనుంచి కూడా చూడాలని తోచలేదు. చేసిన పని సరిచూసుకోవడం పని రానివాళ్ల అలవాటని అతని నమ్మకం.

తర్వాతి వారం మీటింగ్‌లో పైపుల ఇంజనీరు నేలను నిలువునా కోసి చూపించమన్నాడు. అభిజిత్ ధీమాగా మీట నొక్కాడు. తెర మీద మెలిక దగ్గరి కన్నాలన్నీ కాంక్రీటు మధ్యలోనే ఆగిపోయి ఉన్నాయి. పైపులు మాత్రం దాన్ని చీల్చుకుని కిందికి దిగుతున్నాయి.

"ఇవి కన్నాలా, పూలకుండీలా?" అన్నాడు ఇంజనీరు.

మేగన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. గోపాల్‌రావు తెలుగులో గొణిగాడు: "నావి అక్కర్లేని కన్నాలు బాబూ. నీవి అసలు కన్నాలే కాదు."

అభిజిత్ సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందన్నాడు. మర్నాడు చప్పుడు చేయకుండా, ముక్క నేలకు పైనా కిందా బయటికి పొడుచుకు వచ్చేలా దిద్దాడు. ఇక మందం ఎంతైనా తెగుతుంది. మేగన్ ఇద్దరినీ ఒకే తెర ముందు కూర్చోబెట్టి, ఒక్కటీ వదలకుండా చూడమంది.

"ఇదొకటి తెగలేదు బాబూ."

"అది మీరు చెక్కింది అంకుల్."

"నావన్నీ ముందే పూడ్చేశాను కదయ్యా."

అభిజిత్ మరీ పైన ఉండిపోయిన ఆ ముక్కను కిందికి లాగాడు.

లైబ్రరీ డ్రాయింగులు సైటుకి వెళ్లాయి. ఒక్క పైపుకీ కాంక్రీటు అడ్డం పడలేదు. ఇదంతా తానొక్కడే సాధించానని అభిజిత్ నెట్‌లో తన పేజీలో రాసుకున్నాడు. మొదటి లైక్ గోపాల్‌రావే కొట్టాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో తేలక, అభిజిత్ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.