అవ్వ మార్చిన థ్రాటిల్

ఆ రోజుల్లో జెట్ విమానం నడపడానికి ధైర్యం ఒక్కటుంటే చాలనుకునేవాణ్ణి. అది నా దగ్గర బస్తాల కొద్దీ ఉందన్న నమ్మకంతో రాజపాళయం నుంచి వైమానిక శిక్షణకు వెళ్తే, వాళ్లు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. శిక్షణ ముగిసేనాటికి విద్యార్థి ఏమేం చేయగలగాలో అందులో వరసగా ఉంది: ఒంటరిగా ఎగరాలి, జట్టుగా ఎగరాలి, గిరగిరా తిరుగుతూ పడిపోతున్న విమానాన్ని నిలబెట్టాలి. వీటన్నిటికంటే ముందు, కళ్లకు గంతలు కట్టుకుని, పేరు పిలవగానే కాక్‌పిట్‌లో ఆ మీటను తాకాలి. నేను అక్కడే బోర్లా పడ్డాను. (ఇంధనం మీట అంటే ఆక్సిజన్ గొట్టం పట్టుకున్నాను.) పది రోజుల సెలవు తర్వాత మరొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ తప్పితే ఇంటికే. ఇల్లంటే మేనమామ జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగుతూ కూర్చోవడమే.

ఇంటికి రాగానే ఈ సంగతంతా అందరికీ చెప్పి, తాత పడక్కుర్చీని కాక్‌పిట్ చేశాను. కాళ్ల మధ్య రోకలి, అది కంట్రోల్ స్టిక్. ఎదురుగా ఊరగాయ జాడీలు, అవి మీటలు. ఎడమ పక్కన గరిటె, అది ఇంజను వేగం పెంచే థ్రాటిల్. నా కళ్లు కట్టి పేర్లు పిలిచే పని అవ్వ (నాన్న తల్లి, ఇంట్లో ఆమె మాటకు అప్పీలు లేదు) తీసుకుంది. మొదటి రోజే గొడవ.

"ఏరా, ఇంజిను ఆరంబం చేసేది ఎడం చేత్తోనా?"

"విమానంలో అట్లనే పెట్టినారు అవ్వా. కుడి చేత్తో రోకలి పట్టుకోవాల."

"పెట్టినోడికి అవ్వ లేదేమో. రోకలి ఎడం చేత్తో పట్టుకో. గరిటె కుడి పక్క పెట్టినాను. సరేనంటేనే దోసె."

నేను గరిటెను ఎడమకు మార్చడం, గంతలు కట్టగానే ఆమె కుడికి మార్చడం. మూడో రోజుకు లొంగిపోయాను. ఆకలి ముందు వైమానిక దళం ఏపాటి?

పరీక్ష రోజు శిక్షకుడు నిచ్చెనెక్కి, కాక్‌పిట్ కుడి అంచు మీదికి వంగి పేర్లు చదివాడు. చకచకా తాకుతూ పోయాను. "థ్రాటిల్" అన్నాడు. నా కుడి చెయ్యి తడుముకోకుండా వెళ్లి, మెత్తగా తగిలినదాన్ని గట్టిగా పట్టుకుని ముందుకు నెట్టింది. అది ఆయన ముక్కు. గంతలు విప్పి చూస్తే ఆయన కళ్ల నిండా నీళ్లు. అవ్వ సంగతి చెప్పక తప్పలేదు. ఆయన ముక్కు రుద్దుకుంటూ చాలాసేపు నవ్వి, "మళ్లీ కట్టుకో. ఈసారి మీ అవ్వను ఇంట్లోనే వదిలిపెట్టు" అన్నాడు. గట్టెక్కాను.

తర్వాతి సెలవులో ఈ కథ చెబితే ఇల్లంతా పడీపడీ నవ్వింది, అవ్వ తప్ప. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎడం పక్కనేనని నువ్వు చెప్పినప్పుడే తెలిసిందిరా నాకు. తప్పితే ఇంటికి పంపిస్తారంటివే, అందుకే మార్చినాను. నువ్వు ఆకాశం నుంచి పడితే పట్టుకునేదానికి నాకు చేతులు ఏడ ఉండాయి?"

నాకు పట్టరాని కోపం వచ్చింది. జెట్ పైలట్‌ని కదా మరి! రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, పెట్టింది మాత్రం తిన్నాను. ఇప్పుడు నాకు ఆనాటి ఆమె వయసు వచ్చింది. అంత ఎత్తుకు ఎగిరి, వంటింట్లో ఆమె భయం మాత్రం కనిపెట్టలేని ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రెండు రోజులూ ఆమెతో మాట్లాడి ఉండాల్సింది.