చేతులు వెనక్కి కట్టుకున్న నర్సు

కరోనా రోజుల్లో సూరత్‌లో, జబ్బుపడ్డవాళ్లకు నడక, చేతుల వాడకం మళ్లీ నేర్పే వార్డులో నర్సుగా చేరాను. హెడ్ సిస్టర్ మొదటిరోజే రెండు నియమాలు చెప్పారు. రోగి చేసుకోగలిగిన పని మనం చేసిపెట్టకూడదు. కోలుకుని ఏం చేయాలనుకుంటున్నాడో అతని మాటల్లోనే ఫైల్లో రాయాలి. మొదటిది నాకు చచ్చేంత కష్టం. ఎవరైనా తడబడుతుంటే చూస్తూ ఊరుకునే మనిషిని కాను. అందుకే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. రెండోది సులువనుకున్నాను, తప్పు అందులోనే చేశాను.

ఆ ఊళ్లోనే లింబాయత్ అనే పేటలో సాంచాలు, అంటే పవర్‌లూములు, నడిపే తెలంగాణ కాకా ఒకాయన పక్షవాతంతో వచ్చాడు. కుడిచేతి వేళ్లు మాట వినవు. మన తెలుగువాడే కదా, అడిగేదేముందని "చెంచాతో సొంతంగా తినాలి" అని నేనే రాసేశాను. వారం గడిచినా ఆయన చెంచా ముట్టలేదు. నాకు కోపమొచ్చి మూతి ముడుచుకున్నాను. మాస్కు ఉంది గనక ఎవరికీ కనబడలేదు.

చివరికి హెడ్ సిస్టర్ ఫైలు చూసి, ఇవి ఎవరి మాటలని అడిగారు. సిగ్గేసింది. వెళ్లి ఆయన్నే అడిగాను.

"చెంచతోని ఎవడు తింటడు బిడ్డా? తెగిన దారం ముడెయ్యనొస్తే మళ్ల సాంచాల మీదికి పోత. రాకుంటే ఇగ నాకు పని లేదు."

పాత వాక్యం కొట్టేసి ఇదే రాశాను. ఇంటివాళ్లను గేటు దాకానే రానిచ్చే రోజులవి. ఆయన భార్య అక్కడే దారపు కండె ఇచ్చి వెళ్లింది. దారాన్ని మంచం కడ్డీకి కట్టి, మధ్యలో తెంపి ఇచ్చేదాన్ని. పక్క మంచాలవాళ్లు క్రికెట్ చూసినట్టు చూసేవారు. ఓసారి ఉండబట్టలేక కొస అందించబోతే, చేతులు వెనక్కి పెట్టుకొమ్మని ఆయనే గద్దించాడు.

మూడోవారంలో, పొద్దున చాయ్ వేళ, ముడి పడింది. గుంజి చూడమన్నాడు. గుంజాను. ఇంకా గట్టిగా గుంజమన్నాడు. దారం మరోచోట పుటుక్కున తెగింది గాని ముడి మాత్రం ఊడలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకున్నాడు.

"ఇగో, పని దొరికింది" అన్నాడు.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.