నాలుకమ్మ మింగిన చేదు

కాఫీ గింజలు వేయించే ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను నాలుకమ్మ అనేవారు. పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం రుచి చూడడం. పొడవాటి బల్ల మీద వరసగా కప్పులు ఉంటాయి, ప్రతి కప్పులో పొడి, దాని మీద వేడినీళ్లు. నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో విరిచి, పక్క గదిలోకి వినబడేలా జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, డబ్బాలో ఉమ్మేయాలి. ఏ బస్తాకు చెమ్మ తగిలిందో, ఏ గింజ కాస్త ఎక్కువ మాడిందో ఆ నాలుక ఇట్టే పట్టేసేది. యజమాని కూడా దానికి ఎదురు చెప్పేవాడు కాదు. ఇంట్లో అత్తగారి ముందు మాత్రం ఆమె నోట్లో నాలుక లేని మనిషి.

ఆమె మొదటినుంచీ అలా లేదు. రెండేళ్ల క్రితం తొలి గర్భం పదకొండో వారంలో పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజున అత్తగారు దుప్పటి మడత పెడుతూ, మామూలు గొంతుతోనే అంది.

"పొద్దస్తమానం ఆ కాఫీలోనే మునిగుంటే బిడ్డెలా నిలుస్తుందమ్మా?"

తిట్టి ఉంటే ఎదురు తిరిగేది. అరిచి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఆవిడ దుప్పటి నాలుగు మడతలూ సరిగ్గా వేసి, అలమరలో పెట్టి వెళ్లిపోయింది. లిఫ్టులు బాగుచేసే మొగుడు, "అమ్మ మాటలకేం గానీ, పట్టించుకోకు" అన్నాడు. అతనికేం, సాయంత్రానికల్లా మరిచిపోయాడు. ఈమె మాత్రం మరిచిపోలేదు. ఫ్యాక్టరీలో కప్పు ఎత్తినప్పుడల్లా ఆ మాట చెవిలో మోగేది.

అందుకే ఎనిమిదో వారంలో, మళ్లీ గర్భమని ఖాయమైన రోజే రుచి గది పెద్దాయన దగ్గరికి వెళ్లి, తనను గింజలు ఏరే బల్లకు మార్చమంది.

"ఉమ్మేసేదే కదమ్మా, లోపలికెంత పోతుందని?" అన్నాడు ఆయన.

"ఎంతైనా పోతుందిగా బాబాయ్. నాకొద్దు."

రోజుకు నాలుగు కప్పులు తాగే మనిషి, ఆ మర్నాటి నుంచి ఒక్క చుక్క ముట్టలేదు. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలన్న ఆలోచనే రాలేదు. భయపడ్డ మనిషికి ఆలోచన ఎక్కడిది? రెండో రోజు మధ్యాహ్నానికి తల పగిలిపోవడం మొదలైంది. కళ్లు తెరవలేక గోడకు నుదురు ఆనించి నిలబడ్డ కోడలిని చూసి, అత్తగారు తన పాత గుండీల డబ్బా తెచ్చింది. ఒకప్పుడు ఆవిడ బట్టలు కుట్టేది. ఇప్పుడు ఆ డబ్బాలో గుండీల బదులు మందు బిళ్లలు ఉంటాయి.

"ఇదిగో, ఈ తలనొప్పి మాత్రలు రెండేసుకో. నేను ఇరవయ్యేళ్లుగా వేసుకుంటున్నా, ఏమైందీ నాకు? కాఫీ ఎలాగూ మానేశావు, కాస్త టీ తాగు. టీ ఏం చెయ్యదులే."

ఆవిడ అలా దగ్గరికొచ్చి ఏదైనా ఇవ్వడం రెండేళ్లలో అదే మొదటిసారి. కాదనబుద్ధి కాలేదు. మాత్ర మంత్రమేసినట్టు పనిచేసింది, అరగంటలో నొప్పి మాయం. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. మళ్లీ రెండు. సాయంత్రం మరో రెండు. దాంతోపాటు రెండు పూటలా టీ.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. పదకొండో వారం వచ్చింది. బాత్రూముకు వెళ్లినప్పుడల్లా ముందు కళ్లు మూసుకుని, తరవాత తెరిచి, బట్ట మీద మరక లేదని చూసుకుని ఊపిరి పీల్చుకునేది. కడుపులో చిన్న పోటు వచ్చినా పని ఆపి కూర్చుండిపోయేది. ఇంకా రాని బిడ్డకు పేరు అనుకోవడానికి కూడా భయమే. ఒక్కటే ధైర్యం, తాను కాఫీ ముట్టలేదు. ఈసారి ఎవరూ తనను వేలెత్తి చూపలేరు.

ఆ వారం బుధవారం పొద్దున, గింజలు ఏరే బల్ల దగ్గర మాత్ర నోట్లో వేసుకుని సీసా ఎత్తింది. సీసా ఖాళీ. లేచి కుళాయి దగ్గరికి నడిచేలోపు మాత్ర నాలుక మీద కరిగింది. ఆమె నడవ మధ్యలో ఆగిపోయింది.

ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన వాళ్లకు చేదు అంటే ఏమిటో నేర్పడానికి ఒక పద్ధతుంది. ఓ తెల్లటి పొడిని చిటికెడు నీళ్లలో కలిపి చుక్కలుగా నాలుక మీద వేస్తారు. నాలుగేళ్లుగా ఆ పాఠం చెప్పేది నాలుకమ్మే. ఆ పొడి కెఫీన్. మందు చేదు వేరుగా ఉంది, నిజమే. కానీ దాని వెనక, నాలుక చివర గొంతు దగ్గర పట్టుకుని వదలని ఆ రెండో చేదు ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ గుక్కెడు నీళ్లతో గుటుక్కున మింగేసింది. లోకంలో ఉన్న రుచులన్నీ పట్టే నాలుకను దీనికి మాత్రం తగలనివ్వలేదు.

ఉమ్మేసింది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి వెనక్కి తిప్పింది. చీమ తలకాయలంత అక్షరాలు. పారాసెటమాల్ అయిదు వందల మిల్లీగ్రాములు. దాని కింద, కెఫీన్ అరవై అయిదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. రోజుకు నాలుగు మాత్రలు, పద్దెనిమిది రోజులు. టీలో ఉన్నది వేరే. కాఫీ మానేశానని మురిసిపోతూ, మానేసినదంతా మళ్లీ మింగింది. బస్తా మీద కూలబడింది. పొత్తికడుపు మీద చెయ్యి వేయడానికి కూడా ధైర్యం చాల్లేదు.

పెద్దాయన ఆటో పిలిపించాడు. ఆసుపత్రి వరండాలో గంటసేపు కూర్చుంది. పక్కన ఎవరో ఆవిడ పలకరిస్తే ఏం జవాబు చెప్పిందో తనకే తెలియదు. లోపలికి పిలిచాక డాక్టరమ్మ చేతిలో ఆ అట్ట పెట్టింది, తప్పు చేసిన పిల్లలా.

"మేడమ్, చంపేశానా?"

డాక్టరమ్మ ముందు ఆమెను బల్ల మీద పడుకోబెట్టింది. చల్లని జిగురు, దాని మీద యంత్రం. నాలుకమ్మ తెర వైపు చూడలేదు, గోడ మీది పగులు వైపు చూసింది. ఆ పగులు ఎన్ని వంకరలు తిరిగిందో ఈరోజుకీ చెప్పగలదు.

"ఇటు చూడమ్మా. అదుగో, కొట్టుకుంటోంది చూడు, గుండె."

చూసింది. బియ్యపుగింజంత వెలుగు టపటపమంటోంది. వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. గర్భంలో కెఫీన్ రోజుకు రెండు వందల మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదంటారు. అంటే ఫిల్టరు కాఫీ ఒక మామూలు కప్పు తాగినా పరవాలేదు. కాకపోతే టీ, కూల్‌డ్రింకు, చాక్లెట్, ఇలాంటి మాత్రలు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఏ మాత్రైనా అడిగే వేసుకోవాలి. మాత్రలోని కెఫీన్ పని తగ్గినప్పుడల్లా ఒళ్లు దాన్ని మళ్లీ అడిగేది, నొప్పి తిరిగొచ్చిందీ అందుకే.

"హద్దు దాటావు, నిజమే. ఇక ఆపెయ్. ఇవాళ్టికి బిడ్డ బాగుంది. రేపటి సంగతి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

"మొదటిది... అది నా కాఫీ వల్లేనా?"

రెండేళ్లుగా అడగని ప్రశ్న. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"అంత తొందరగా పోయేవాటిలో చాలావరకు బిడ్డ మొదట్లోనే సరిగ్గా రూపు కట్టక పోతాయమ్మా. నీ విషయంలో ఫలానా కారణమని ఖాయంగా చెప్పలేను. కానీ నువ్వే చంపావని చెప్పడానికి ఎవరి దగ్గరా ఏ ఆధారమూ లేదు."

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. పెద్దాయన ఫోన్ చేసినట్టున్నాడు. నాలుకమ్మ చెప్పులు కూడా విప్పకుండా అట్ట తిప్పి, ఆ వరస మీద వేలు పెట్టి చూపించింది.

"ఇందులో ఉన్నది కాఫీయేనత్తయ్యా."

అత్తగారు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ముఖం పాలిపోయింది. గోడ పట్టుకుంది.

"నా చేత్తోనే ఇచ్చానా? బిడ్డకేమన్నా అయితే... అమ్మాయ్, నా వల్ల..."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆ ఒక్క నిమిషం నాలుకమ్మకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? రెండేళ్లు తాను మోసిన మాట ఇప్పుడు ఆవిడ గొంతులో అడ్డం పడింది. నోరు విప్పి అవునంటే చాలు. ఆవిడ గోడ పట్టుకునే గుమ్మంలో కూలబడింది, పొద్దున తాను బస్తా మీద కూలబడినట్టే.

"మీ వల్ల కాదత్తయ్యా. గుండె కొట్టుకుంటోంది, నేను చూశాను."

అత్తగారు లేచింది. లోపలికి వెళ్లి గుండీల డబ్బా బోర్లించి మాత్రలన్నీ ఏరి పారేసింది. రాత్రి అన్నం కూడా తినలేదని మొగుడు చెప్పాడు.

పొద్దున లేచేసరికి వంటింట్లోంచి వాసన వచ్చింది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి, చెంచాతో పొడి కొలిచి, అందులో సగం వేలితో గీసి మళ్లీ సీసాలో పోసింది. చిన్న కప్పు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"ఒక్క కప్పు తాగొచ్చందటగా, మీ ఆయన చెప్పాడు. సగం చెంచాయే వేశా. ఇవాళ టీ ఇవ్వనింక." కిటికీ వైపు తిరిగి, "అప్పుడు దుప్పటి మడత పెడుతూ ఓ మాటన్నాను. అనుండకూడదు" అంది.

నాలుకమ్మ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. కాఫీ పలచగా, నీళ్లలా ఉంది. ఫ్యాక్టరీలో అయితే డబ్బాలో ఉమ్మేసి, పక్కన సున్నా వేసేది. పదకొండో వారం ఇంకా మూడు రోజులుంది. ఓ గుక్క తీసుకుంది. నాలుక మీద నిలిపి, మెల్లగా మింగింది.