గవర్రాజు పెద్దక్షరాలు

గవర్రాజు బావ మీద నాకు ఇప్పటికీ కోపమే. అతన్ని వెళ్లగొట్టినవాళ్ల మీద ఇంకా కోపం.

టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం అతనిది. ముప్పై ఏళ్లు టెలిప్రింటర్ మీద వేళ్లు అరగ్గొట్టుకున్నాడు. ఇంటింటికీ ఫోన్లు వచ్చాక టెలిగ్రాంలు ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఊరికే కూర్చోలేక సైన్సు పత్రికలు చదవడం మరిగాడు. 2005లో నేను పెందుర్తిలో నెట్ సెంటర్ పెట్టాక, సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా మా దగ్గరికే వచ్చేవాడు. పరమాణువు లోపలి కణాల గురించి మాట్లాడుకునే గుంపొకటి అతనికి ఇంటర్నెట్‌లో దొరికింది. ప్రొఫెసర్లెవరూ లేరు. బ్యాంకు గుమాస్తాలు, రిటైరైన మేష్టార్లు, ఏ దేశం వాళ్లయినా సరదా కొద్దీ చేరినవాళ్లే.

బావకి ఉన్నది ఒకటే ప్రశ్న. మ్యువాన్ అనే కణం అచ్చం ఎలక్ట్రాన్ లాగే ఉంటుందట, బరువు మాత్రం రెండొందల రెట్లు. పుట్టీ పుట్టగానే పోతుందట. దేనికీ అక్కర్లేనిది అసలెందుకుంది? అన్నం ముందు కూర్చున్నా ఇదే గొడవని వాళ్లావిడ పోతమ్మక్క నా దగ్గర మొత్తుకునేది.

ప్రశ్న పెట్టాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పెట్టాడు. ఒకడు వెక్కిరించాడు, ఇంకొకడు మర్యాద నేర్చుకోమన్నాడు. తనేం తప్పు చేశాడో తెలియక బావ ఉడికిపోయేవాడు. మరోసారి పెట్టేసరికి సభ్యత్వం తీసేశారు. మారుపేరుతో తిరిగి రాకుండా మా సెంటర్ నుంచి ఎవరు రాసినా వెళ్లకుండా కట్టేశారు.

అప్పుడు చూశాను అతను రాసింది. క్యాప్స్ లాక్ నొక్కి, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. మాటలు కత్తిరించి, దయచేసి అన్న ముక్క కూడా లేకుండా, చివర వెంటనే జవాబివ్వమని హుకుం. అచ్చంగా టెలిగ్రాం. ఇంటర్నెట్‌లో అలా రాస్తే అరిచినట్టు లెక్కని చెప్పాను.

బావ మొహం పాలిపోయింది. "ముప్పై ఏళ్లు సావు కబుర్లు ఆ అచ్చరాల్లోనే పంపినాను. నానరిసినానని ఎవుడూ అన్లేదు" అన్నాడు.

మర్నాడు అతని ప్రశ్న కింద జవాబు కనిపించింది. చదవడానికి అడ్డు లేదు, రాయడానికే. ఎవరో ముసలాయన రాశాడు. మంచి ప్రశ్న అన్నాడు, అదెందుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదన్నాడు, ఇంతకీ మీకీ సందేహం ఎలా వచ్చిందో చెప్పమన్నాడు. బావ చిన్నక్షరాల్లో, ఒళ్లు దగ్గర పెట్టుకుని, పేజీ నిండా రాశాడు. నొక్కితే వెళ్లలేదు.

నాకు ఒళ్లు మండింది. గాజువాకలో మా స్నేహితుడు వీరేంద్రకి నెట్ సెంటర్ ఉంది, అక్కణ్ణుంచి వేరే పేరుతో పంపుదాం పదమన్నాను.

బావ కదల్లేదు. "గవర్రాజుకొచ్చిన టెలిగ్రానికి ఇంకొకడు సంతకం పెడతాడేటి బావ?"

కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. వినలేదు. వెధవ పట్టుదల. ఆ తర్వాత కూడా రోజూ వచ్చేవాడు. ముసలాయన అడిగింది ఒకసారి చదువుకుని, లేచి వెళ్లిపోయేవాడు.