ఒక్కడే ఐదుగురైన ఫల్గుణ

డుంబ్రిగుడ అవతల, కాఫీ తోటల కింద ఉన్న చిన్న ఊళ్లో ఫల్గుణకు జీవితంలో ఒక్కటే కష్టం: మనుషులతో కలిసి వాయించాల్సి రావడం. అతని వాద్యం మోరి. సన్నాయికి అడవి చుట్టంలాంటిది. ఇరవై రెండేళ్లుగా ఊదుతున్నాడు. కానీ ఆడవాళ్లు వరస కట్టి ఆడే థింసా ఆటకు మోరి ఒక్కటే చాలదు. తుడుము కావాలి, డప్పు కావాలి, రెండు కర్రలతో గలగలా కొట్టే కిరిడి కావాలి, కొమ్ము కావాలి. అవి వాటంతటవి మోగవు గనక వాటి వెనక నలుగురు మనుషులు కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

తుడుము కొట్టే సోమన్న ఫల్గుణ భార్య సోములమ్మకు అన్న, ఇతనికి బావ. నాలుగింటికి రమ్మంటే ఐదున్నరకు వస్తాడు. వచ్చీ రాగానే జీలుగు కల్లు ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తాడు. డప్పు అతనికి ఆటో కిరాయి తగిలితే ఆ పూట డప్పు లేనట్టే. కొమ్ము ఊదే పెద్దాయనకు ముందు పళ్లు ఊడిపోయి రెండేళ్లయింది, ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. కిరిడి రవిబాబుకు వారానికో పెళ్లి. ఇంతమందిని పోగేసి, ఆదివారం సాయంత్రం అరకు దారిలో ఉన్న రిసార్టుకు చేర్చి, టూరిస్టుల ముందు నిలబెట్టేసరికి ఫల్గుణకు ఊదే ఓపిక ఉండేది కాదు.

అందుకే కిందటి వానాకాలం అతను ఒక మైకు, పాత లాప్‌టాప్ కొన్నాడు. ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకున్నాడు. కాఫీ గింజలు దాచే గదిలో గోడలకు గోనెసంచులు కట్టాడు, తలుపుకు బొంత వేలాడదీశాడు. చెవిలో టిక్కుటిక్కుమని లెక్క చెప్పే యంత్రం పెట్టుకుని ఒకరోజు తుడుము, ఒకరోజు డప్పు, ఇలా ఒక్కొక్కటీ తనే వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. రేకుల కప్పు మీద వాన పడితే పని ఆగేది, కోడి అరిస్తే మళ్లీ మొదలయ్యేది. అయినా ఎంత సుఖం. ఎవరూ ఆలస్యంగా రాలేదు, ఎవరూ కల్లు అడగలేదు. ఐదుగురూ ఒక్క మాట తేడా లేకుండా కుదిరిపోయారు. కుదరక ఏం చేస్తారు, ఐదుగురూ తనే.

అప్పుడే ఒక లోపం కనిపించింది. మోరి ఊదుతూ ఊదుతూ మధ్యలో తను ఊపిరి తీసుకుంటున్నాడు. అక్కడ పాట తెగిపోయి, ఉఫ్ మని ఒక చప్పుడు, దాని మీద కిరిడి గలగలా కొట్టడం. ఇన్నాళ్లూ ఇన్ని చిల్లులు పడ్డ పాటను జనానికి వినిపించానా అని ఫల్గుణకు సిగ్గేసింది. తెర మీద వెతికి వెతికి నలభై ఒక్క ఊపిర్లు పట్టుకున్నాడు. ఒక్కటి కూడా వదలకుండా కత్తిరించి, అటూ ఇటూ అతికాడు. వాటితోపాటు కిరిడి గలగలలూ పోయాయి. తొమ్మిది నిమిషాల పాట అరిటాకులా నున్నగా తయారైంది.

సోములమ్మకు వినిపించాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా వింది.

"బాగానే ఉంది గానీ, ఊపిరి తియ్యవేటి?" అంది.

"యంత్రానికి ఊపిరెందుకే."

"యంత్రానికి అక్కర్లేదులే," అని ఆమె చోళ్లు చెరగడానికి వెళ్లిపోయింది.

రిసార్టు మేనేజరు దేవీప్రసాద్‌కు మాత్రం పాట ఎక్కడలేని ఆనందం కలిగించింది. ఆయనది విజయనగరం వైపు, లెక్కలు తెలిసిన మనిషి. ఐదుగురు వాద్యగాళ్ల బదులు ఒక పెన్‌డ్రైవ్ అనగానే ఆయన కంటికి ముందు కనిపించింది మిగిలిపోయే ఐదు బిర్యానీలు. "ఇకనుంచి ఆడవాళ్లను పంపితే చాలు ఫల్గుణా, మీరందరూ విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. ఆ ఐదుగురిలో తనూ ఒకడినన్న సంగతి ఫల్గుణకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

ఆదివారం అందరూ చూడ్డానికి వెళ్లారు. పెద్ద స్పీకర్లలోంచి తుడుము మోగేసరికి సోమన్న రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"నా సేతులు నా దగ్గరే ఉన్నాయి. ఆ సప్పుడు ఎవులిది బావా?" అన్నాడు. ఆ తర్వాత ఫల్గుణతో మాట్లాడటం మానేశాడు.

పన్నెండుమంది ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి వరస కట్టారు. వరసకు పెద్ద సోములమ్మ. ఆమె కూత వేస్తే అడుగు మారుతుంది, కొత్త ఆట మొదలవుతుంది. మోరి మోగుతుండగా ఎవరెంత అరిచినా వినపడదు గనక, మోరి ఊపిరి తీసుకునే సందులో, కిరిడి గలగలా కొట్టగానే ఆమె కూత వేస్తుంది. ఊరు పుట్టినప్పటినుంచీ అంతే. ఆ రోజు సోములమ్మ సందు కోసం చూసింది. చూస్తూ మొదటి అడుగే వేసింది. నిమిషం అయింది, నాలుగు నిమిషాలయ్యాయి, మోరి ఆగదు. తొమ్మిది నిమిషాలూ పన్నెండుమందీ ఒకే అడుగుతో గానుగెద్దుల్లా తిరిగారు. "థింసా అంటే ఇంతేనా?" అని ఒక టూరిస్టు పక్కవాణ్ని అడగడం ఫల్గుణ చెవిన పడింది.

పాట ఆగాక సోములమ్మ రొప్పుతూ వచ్చింది. "సందియ్యకపోతే నేనెక్కడ అరిసేది?"

"నీ ఇష్టమొచ్చినచోట అరవొచ్చు గదా."

"అరిసాను. ముమ్మారు అరిసాను. నీకే ఇనపళ్లేదు, వాళ్లకేటి ఇనపడతాది?"

ఫల్గుణ తప్పు ఒప్పుకోలేదు. ఆడవాళ్లే కొత్త పద్ధతి నేర్చుకోవాలన్నాడు. మరో రెండు ఆదివారాలు అలాగే గడిచాక దేవీప్రసాద్ పెన్‌డ్రైవ్ తిరిగి చేతిలో పెట్టి, బిర్యానీల మీద ఆశ వదులుకుని, సోమన్నకు కబురు పంపాడు.

సోమన్న మేళం కట్టాడు, ఫల్గుణను పిలవలేదు. ముంచింగిపుట్టు సంత నుంచి బొంజుబాబు అనే డెబ్బై ఏళ్ల మోరిగాణ్ని తెచ్చాడు. ఇక చైత్రంలో ఊరంతా వేటాడి, ఆడిపాడే ఇటుకల పండగ వస్తోంది. ఊళ్లో మేళానికి మనుషుల్ని పిలిచేది తుడుము అతనే. అతను పిలవనివాడు పిల్లలతో, చుట్టాలతో కలిసి చూస్తూ కూర్చోవాలి. మనుషులతో వాయించడం కంటే నరకం లేదనుకున్న ఫల్గుణకు, వాళ్లు పిలవకపోతే అన్న ఆలోచన రాగానే అన్నం సహించలేదు. మొహం చెల్లకపోయినా ఆదివారం రిసార్టుకు వెళ్లి టూరిస్టుల వెనక నిలబడ్డాడు.

బొంజుబాబు నాలుగు స్వరాలు ఊది ఊపిరికి ఆగుతున్నాడు. ఊదినవాటిలో తప్పులు ఫల్గుణ లెక్కపెట్టాడు, పదకొండు. కానీ ఆయన ఆగిన ప్రతిసారీ సోములమ్మ కూత వేస్తోంది, అడుగు మారుతోంది. ఆట అంత జోరుగా సాగడం ఫల్గుణ ఎన్నడూ చూడలేదు. జనం ఈలలు వేశారు. అతనికి ఏడుపొచ్చింది.

ఆ పై ఆదివారం రవిబాబు అలవాటు ప్రకారం పెళ్లికి పోయాడు. సోమన్న జనంలోకి చూసి, బావ మొహం చూడకుండానే అన్నాడు.

"కిరిడికి మనిషి లేడు. అయిదూ వాయించినోడివి గదా, ఇదొకటి వాయించు."

ఫల్గుణ కూర్చుని కర్రలందుకున్నాడు. మొదటి సందు వచ్చింది. మోరి ఆగగానే అలవాటుకొద్దీ తనూ గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. చేతులు గాలిలోనే ఉండిపోయాయి. సోములమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది.

"నువ్వు ఊపిరి తియ్యక్కర్లేదు, కొట్టు," అన్నాడు సోమన్న. మేళమంతా నవ్వింది.

రెండోసారి ఫల్గుణ కళ్లు తెరిచి చూశాడు. మోరి ఊదేటప్పుడు అతనెప్పుడూ కళ్లు మూసుకునేవాడు. సోమన్న ఆడవాళ్ల పాదాల వంక చూస్తున్నాడు. వరస వెనక్కి రాబోతుండగా తుడుము కొంచెం నెమ్మది చేశాడు. ఆ నెమ్మది విని బొంజుబాబు మోరి దించాడు. ఊపిరి అయిపోయి కాదు, దించాల్సిన వేళ అయింది గనక. ఇరవై రెండేళ్లు తన ఊపిరి తనే తీసుకున్నాననుకున్నాడు ఫల్గుణ. ఇస్తున్నది వీళ్లు. అతను గలగలా కిరిడి కొట్టాడు, సోములమ్మ కూత వేసింది, అడుగు మారింది.

ఆట అయ్యాక సోమన్న తుడుము భుజానికి తగిలించుకుంటూ అన్నాడు: "పండక్కి రా. మోరికి తాతకి మాటిచ్చీసేను. కిరిడికైతే రా."

"వస్తాను బావా," అన్నాడు ఫల్గుణ. పిలవకపోతే బతిమాలైనా వచ్చేవాడే.

మర్నాడు పొద్దున్నే కాఫీ గదిలో కిరిడి సాధనకు కూర్చున్నాడు. సాధనకు ఎవరో ఒకరు మోరి ఊదాలి. మనుషులెవరూ దగ్గర లేరు గనక లాప్‌టాప్ తెరిచి తన పాటే పెట్టుకున్నాడు. తొమ్మిది నిమిషాలూ కర్రలు పట్టుకుని కాచుకున్నాడు. ఆ మోరిగాడు ఒక్కసారి కూడా సందివ్వలేదు.