ఆపరేటరమ్మ పెట్టిన రిపీటరు

టాక్సీ కంపెనీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కార్లను అటూ ఇటూ పంపిన రోజుల్లోనే ఆమెకు ఆపరేటరమ్మ అన్న పేరు స్థిరపడింది. కంపెనీ రేడియోలు మానేసి ఫోన్లకు మారింది గానీ ఆ పేరు మారలేదు. ఆమె భర్త నడిపే క్షౌరశాలను కూడా జనం "ఆపరేటరమ్మ గారి ఆయన కొట్టు" అనే అంటారు. ఆయనకు అందులో చిన్నతనమేమీ కనిపించలేదు.

కంపెనీ తన రిపీటరును పాత ఇనుముకు వేయబోతుంటే ఆమె అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఎత్తైన చోట కూర్చుని, చిన్న రేడియోల నీరసపు మాటను అందుకుని, ఆ క్షణంలోనే పెద్ద గొంతుతో ఊరంతటికీ వినిపించే పెట్టె అది. దాన్ని హామ్ రేడియో క్లబ్బుకు పనికొచ్చేలా మార్చాలని ఆమె పట్టుదల. లైసెన్సు పరీక్ష రాసి, సరదాకి రేడియోలో కబుర్లాడుకునేవాళ్ళ సంఘం అది.

పట్టుదల మాత్రం ఒక్క మనిషి కోసం. కంపెనీలో అతన్ని కారు నంబరుతో నలభై రెండు అని పిలిచేవారు. నడుము దెబ్బతిని మంచాన పడ్డాడు. ఊరి చివర, గుట్ట వెనక అద్దె గది. యాంటెన్నా కట్టడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. ఆపరేటరమ్మే వెంటపడి పరీక్ష రాయించి, చేతి రేడియో కొనిపించింది.

"దీంతో ఎవరితో మాట్లాడనక్కా? గుట్టతోనా?" అన్నాడతను.

"రిపీటరు పెడతాను. ఊరంతా వింటుంది నీ వాగుడు."

మాటైతే ఇచ్చేసింది.

వంటింటి బల్ల సగం రిపీటరుకు పోయింది. ఛానెల్ మార్చడం పెద్ద పని కాదు. ఆ పెట్టె ఒకే యాంటెన్నాతో వినాలి, మాట్లాడాలి, అదీ ఒకేసారి. తన అరుపు తన చెవిలోనే పడితే దూరపు గొంతు వినపడదు. ఆ అరుపును ఆపడానికి పక్కపక్కన ఆరు లోహపు డబ్బాలుంటాయి. ఇదంతా ఆమె వివరిస్తే భర్త తలూపాడు.

"అర్థమైంది. మీ అన్నయ్య లాంటిది. తను మాట్లాడుతున్నంతసేపూ ఎవరి మాటా చెవికెక్కదు."

"మా అన్నయ్యకు డబ్బాలు లేవు. ఆ మూకుడు తియ్యండి, తీగ మీద పెట్టారు."

ప్రతి డబ్బా నెత్తిన ఇత్తడి కడ్డీ. దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ క్లబ్బు ఫ్రీక్వెన్సీకి తేవాలి. నట్టు బిగించగానే కడ్డీ మళ్ళీ కదులుతుంది. అందుకని ఆమె బిగించి, విప్పి, నట్టు ఎంత లాగుతుందో చేతికి తెలిశాక, కడ్డీని ఆ మేరకు ఇవతలే ఆపేది. బిగింపుతో అది తన చోటికి తనే చేరేది. ఒకటి కుదిరితే పక్కది తప్పేది. విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టేది. కుదిరిందో లేదో చూపే మీటరు క్లబ్బు ప్రెసిడెంటు గారిది. బ్యాంకులో పనిచేసి రిటైరయిన ఆయన నాలుగు ఆఫీసులు తిరిగి అనుమతులు తెచ్చారు, ఎత్తైన భవనం మీద లిఫ్టు గదిలో చోటు సంపాదించారు.

రిపీటరును అక్కడ పెట్టిన రోజు అందరూ మాట్లాడారు. నలభై రెండు కూడా, సన్నగానైనా, వినిపించాడు.

తర్వాతి ఆదివారం ఆమె రేడియోలో హాజరు పిలిచింది. గొంతులన్నీ ముందుకన్నా గట్టిగా వచ్చాయి. ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఆమె మాత్రం బటన్ వదిలేసి ఆగింది. కార్లను పంపే డిస్పాచ్ గది అలవాటు అది. పలికిన కార్లను కాదు, పలకని కారును వెతకడం.

"ఇంకెవరమ్మా? అందరూ వచ్చారుగా" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నలభై రెండు రాలేదు."

"పడుకుని ఉంటాడు."

ఆమె ఫోను చేసింది.

"మీరంతా పక్కింట్లో ఉన్నట్టు వినపడుతున్నారక్కా. నేను బటన్ నొక్కితే రిపీటరు లేస్తోంది, వెంటనే పడిపోతోంది. మళ్ళీ లేస్తోంది, పడుతోంది. పోనీలే, వింటూ ఉంటా. సినిమా చూసినట్టే."

ఆ "పోనీలే" ఆమెకు మింగుడుపడలేదు. లేచి పడుతోందంటే పెట్టె తన అరుపుకు తనే చెవిటిదవుతోందన్నమాట. ప్రెసిడెంటు గారిని వెంటబెట్టుకుని లిఫ్టు గదికి వెళ్ళింది. పది వాట్ల దగ్గర తను ఉంచిన పవరు ఇప్పుడు యాభై చూపిస్తోంది.

"నేనే పెంచాను" అన్నారాయన. "పక్క ఊళ్ళో స్నేహితుడు సరిగా వినపడట్లేదంటే. మీకు చెప్పాల్సింది."

"తగ్గిస్తానండీ."

"ఒక్కడి కోసం అందరికీ తగ్గిస్తామా?"

"అందరికీ కాస్త గరగర వస్తుంది, అంతే. అతని మాటే బయటికి రావట్లేదు. మిగతావాళ్ళకు వీధుంది, ఆఫీసుంది. అతనికి ఇదొక్కటే."

ఆయన సంచి విప్పారు. మీటరు తీసి తీగలు కలిపారు.

తగ్గించినా సగం మాటలు తెగుతూనే ఉన్నాయి. ఆమె డబ్బాల మీద చెయ్యి పెట్టి చూసింది. వంటింటి బల్ల మీద కుదిర్చినవి వారంగా ఈ గది ఉక్కకు తప్పాయి. అవతల మోటారు గిర్రున తిరుగుతుంటే, చెమట తుడుచుకుంటూ, ఆరు కడ్డీలనూ మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆఖరి నట్టు బిగించి, రేడియో అందుకుంది.

"నలభై రెండూ, మాట్లాడు."

కాసేపు గరగర. తర్వాత దాని వెనక నుంచి సన్నగా, తెగకుండా:

"అక్కా! వస్తున్నానా? ప్రెసిడెంటు గారున్నారా అక్కడ? వారంగా ఆయన మోకాళ్ళ గోల వింటున్నా. చెబుదామంటే బటన్ నొక్కీ నొక్కీ వేలు అరిగింది. ఆయన్ని ఆ మెట్లెక్కడం ముందు మానమనండి, తర్వాత..."

"ముందు కాల్‌సైన్ చెప్పు. ఇది టాక్సీ కాదు."

అతను లైసెన్సుతో తనకిచ్చిన ఆ గుర్తింపు పేరు చెప్పాడు. చెప్పి, మోకాళ్ళ సంగతి మొదటినుంచి ఎత్తుకున్నాడు. ప్రెసిడెంటు గారు ఆమె చేతిలోంచి రేడియో తీసుకుని, గుమ్మంలో మెట్టు మీద చతికిలబడి, "ఊఁ, చెప్పు" అన్నారు. ఆమె స్పానర్లు తుడిచి సంచిలో సర్దుకుంది.