ఇంట్లో ఎవరికీ తెలియని వాసన

"చెమట అనుకున్న సారూ. ఇరవై దినాలు చెమటనే అనుకున్న," అన్నాడు దేవేందర్, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి.

సైకిల్ మీద ఇంటికి బయలుదేరే ముందు జగిత్యాల చివర హోటల్లో అతను పావుగంట కూర్చుని అలుపు తీర్చుకుంటాడు. ఎదురుగా జాన్ సారు, జగిత్యాల బడిలో పంతులు. దేవేందర్ ఊరు మల్యాలలోనే అద్దెకుంటాడు, బస్సు వచ్చేదాకా ఇతని ముచ్చట వింటాడు.

షుగర్ డాక్టరు రోజూ వ్యాయామం ఉండాలన్నాక దేవేందర్ బస్సు మానేశాడు. మల్యాల నుంచి తను పనిచేసే బట్టల దుకాణానికి గంటంబావు తొక్కుడు. షుగర్ తగ్గింది గానీ, నలభై ఎనిమిదేళ్ల కాళ్లు ఆ తర్వాత పొద్దంతా కౌంటర్ వెనక నిలబడనంటున్నాయి. చెమటకు మాత్రం మొదటిరోజే ఉపాయం చూసుకున్నాడు. జగిత్యాల చేరకముందే, దారిలో మల్లయ్య అనే రైతు పొలం దగ్గర మోటారు కింద స్నానం, పొడి తువ్వాల, కవర్లోంచి ఇస్త్రీ అంగీ.

అయినా పట్టుచీర విప్పి చూపిస్తుంటే ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాడు. చివరికి సెంటు కొట్టుకున్నాడు. ఆ రోజే సేటు పక్కకు పిలిచాడు.

"ఏంది దేవేందర్, పొద్దుగాల్నే తాగొచ్చి సెంటుతోటి కప్పుతున్నవా?"

"నేను ముట్టనే ముట్ట సేటూ. షుగరాయె."

"ఇంకొక్క గిరాకి ముక్కు మూసుకున్నదా, ఇగ పైన గోదాంల మూటలు కట్టుడే నీ పని."

పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు పంతొమ్మిదేళ్లుగా పేరుపెట్టి అడిగే మనిషి. గోదాం మాట విన్నాక అన్నం సహించలేదు.

సంగతి కనిపెట్టింది దుకాణం ఊడ్చే శంకరవ్వ. "నీ పెయ్యి మంచిగనే ఉన్నది కొడుకా. నీ అంగీనే కల్లు వాసనొస్తున్నది."

రోడ్డు దుమ్ము పడకుండా భార్య ప్రేమలత ఇస్త్రీ అంగీలను వెనక అర్రలో తగిలిస్తుంది. అన్న సమ్మయ్య కల్లు నింపిన లొట్లు పెట్టుకునేదీ ఆ అర్రలోనే. తాత నాటి నుంచి తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. పులిసిన కల్లు అక్కడ ఎవరి ముక్కుకూ వాసనగా తోచదు. ఇదివరకు బస్సు గాలికి ఎగిరిపోయే ఆ వాసన, ఇప్పుడు గంటంబావు కవర్లో మగ్గుతోంది.

"మా అన్నకు చెప్తే గరమైండు సారూ. 'గదే తాగి పెరిగినవ్. సేటు షాపుల చేరంగనే కంపయిందారా?' అన్నడు. అంగీ ముక్కుకాడ పెట్టుకొని, 'సబ్బు వాసనే గదరా' అంటడు."

జాన్ సారు నవ్వాడు. దేవేందర్ కూడా నవ్వబోయి, మోకాలు రాసుకున్నాడు.

నిన్న అంగీలన్నీ మళ్లీ ఉతికి ముందరి అర్రలో ఆరేశారు; రేపే వాటిని మొదటిసారి తొడుక్కునేది. వాసన పోయిందో లేదో చెప్పే ముక్కు ఇంట్లో లేదు. పోయిందని ప్రేమలత అంటుంది. ఉందని ఆమె ఎన్నడూ అనలేదు కదా. అడుగుదామంటే శంకరవ్వ బిడ్డ దగ్గరికి కోరుట్ల పోయింది.

బస్సు వచ్చి ఆగింది. జాన్ సారు సంచి అందుకున్నాడు.

"రేపు చర్చికి జగిత్యాల వస్తరు గద సారూ. అయిపోయినంక షాపుకు రాండ్రి. తువ్వాల కావాలనుండ్రి, నేను దగ్గరికొచ్చి విప్పి చూపెడ్త. వాసనొస్తే నోటితోటి చెప్పద్దు, సేటు ఇంటడు. ఒక్కసారి దగ్గుండ్రి, చాలు. వాసన వచ్చినా రాకున్నా తువ్వాల మాత్రం కొనే పోవాలె. మీరు ఉత్తచేతుల పోతే, నా వాసనకే పోయిన్రనుకుంటడు."